కయీను ఏమన్నాడు? వారపు తోరా భాగాన్ని సంప్రదాయ యూదు వ్యాఖ్యానాలతో చదివే పద్ధతి

ఆదికాండము నాలుగో అధ్యాయం ఎనిమిదో వచనాన్ని హీబ్రూ మూలంలో ఉన్నదున్నట్టు తెలుగులో పెడితే ఇలా ఉంటుంది: "కయీను తన తమ్ముడు హేబెలుతో అన్నాడు. వారు పొలంలో ఉన్నప్పుడు కయీను తన తమ్ముడు హేబెలు మీదికి లేచి అతన్ని చంపాడు." ఏమన్నాడో వచనంలో లేదు. అక్కడ వాడిన "వయ్యోమెర్" అనే క్రియ తరువాత సాధారణంగా చెప్పిన మాట రావాలి, కానీ ఇక్కడ మాట రాకుండానే కథ పొలంలోకి వెళ్లిపోయింది. మనకు వాడుకలో ఉన్న తెలుగు బైబిలులో ఈ చోట "మాటలాడెను" అని ఉంది. "అన్నాడు" అంటే ఏమన్నాడని అడుగుతాం గాని "మాటలాడెను" అంటే ఎవరూ అడగరు. ఆ విధంగా మూలంలో ఉన్న గొయ్యి అనువాదంలో పూడిపోయింది.

యూదు వ్యాఖ్యాన సంప్రదాయం చాలావరకు ఇలాంటి గోతుల చుట్టూనే పెరిగింది. అందువల్ల వారపు తోరా భాగాన్ని వ్యాఖ్యానాలతో చదవదలచినవారు మొదట నేర్చుకోవలసింది వ్యాఖ్యాతల పేర్లు కాదు, వచనంలో గొయ్యి ఎక్కడ ఉందో వ్యాఖ్యానం తెరవకముందే పట్టుకోవడం. ఈ మార్గదర్శి ఆ క్రమాన్నే అనుసరిస్తుంది. ఉదాహరణకు తీసుకున్నది సంవత్సరచక్రంలో మొదటి భాగమైన "బెరేషీత్", అంటే ఆదికాండము 1:1 నుండి 6:8 వరకు ఉన్న 146 వచనాలు.

వారపు భాగం అంటే ఏమిటి, ఈ వారం ఏది

తోరా అంటే ఇక్కడ మోషే పంచకాండాలు. వాటిని 54 భాగాలుగా విభజించారు: ఆదికాండములో 12, నిర్గమకాండములో 11, లేవీయకాండములో 10, సంఖ్యాకాండములో 10, ద్వితీయోపదేశకాండములో 11. ఒక్కో భాగాన్ని "పరాషా" అంటారు. దానికి పేరు మొదటి వచనాల్లో కనిపించే ఒక ముఖ్యమైన పదం నుండి వస్తుంది. ప్రాచీన కాలంలో ఇశ్రాయేలు దేశంలో తోరా మొత్తాన్ని దాదాపు మూడేళ్లకొకసారి ముగించేవారు, బబులోను యూదులు ఏడాదికొకసారి ముగించేవారు. ఈనాడు విస్తారంగా నిలిచింది బబులోను పద్ధతి. "సిమ్హత్ తోరా" పండుగనాడు చివరి భాగం ముగించి అక్కడికక్కడే ఆదికాండము మొదటి వచనాలు చదువుతారు. ఆ తరువాత వచ్చే సబ్బాతునాడు, అంటే శనివారపు విశ్రాంతిదినాన, సాధారణంగా అక్టోబరులో, బెరేషీత్ మొత్తం చదువుతారు.

ఏ వారం ఏ భాగమో యూదు పంచాంగాన్ని చూసి తెలుసుకోవాలి. పండుగలు సబ్బాతున పడినప్పుడు వరుస ఆగుతుంది, కొన్ని వారాల్లో రెండు భాగాలు కలిపి చదువుతారు. ఇక్కడ కొత్తవారు పొరబడే చోటు ఒకటుంది. పస్కా పండుగ ఇశ్రాయేలులో ఏడు రోజులు, బయటి దేశాల్లో ఎనిమిది రోజులు. ఆ ఎనిమిదో రోజు సబ్బాతున పడిన ఏడాది ఇశ్రాయేలులో చదివే భాగం బయటి దేశాల కంటే కొన్ని వారాలపాటు ఒక భాగం ముందుంటుంది. భారతదేశంలో ఉన్నవారు బయటి దేశాల పట్టికనే చూసుకోవాలి. మన గుంటూరు జిల్లాలో చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తమను "బెనె ఎఫ్రాయిమ్" అని చెప్పుకొనే, యూదు ఆచారాలు పాటించే చిన్న తెలుగు సమాజం ఒకటుంది కనుక ఈ పట్టిక తెలుగునాట ఎవరికీ పట్టని విషయమేమీ కాదు.

మొదటి అడుగు: చేతిలో ఏముండాలి

కనీసం రెండు అనువాదాలు పక్కపక్కన పెట్టుకోండి. ఒకటి మీకు నోటికి వచ్చిన తెలుగు అనువాదం, రెండోది యూదు పండితులు చేసిన ఇంగ్లీషు అనువాదం. రెండింటికీ తేడా వచ్చిన ప్రతిచోటా మూలంలో ఏదో సందిగ్ధత ఉండే అవకాశం ఉంది. హీబ్రూ రానివారికి ఇంతకంటే మంచి పనిముట్టు నాకు కనిపించలేదు. వ్యాఖ్యానాల కోసం "సెఫారియా" అనే ఉచిత ఆన్‌లైన్ గ్రంథాలయం చాలు. అందులో ఒక వచనం మీద నొక్కితే దానిపై వచ్చిన వ్యాఖ్యానాలన్నీ పక్కన వరుసగా తెరుచుకుంటాయి, ముఖ్యమైనవాటికి ఇంగ్లీషు అనువాదమూ ఉంటుంది.

అచ్చుపుస్తకంలో దీనికి సమానమైనది "మిక్రాఓత్ గెదోలోత్", అంటే వ్యాఖ్యానసహిత బైబిలు. దాన్ని మొదట 1516-17లో, మరింత ప్రామాణికంగా 1524-25లో వెనిస్ నగరంలో డేనియల్ బొంబెర్గ్ అనే ముద్రాపకుడు అచ్చువేశాడు. పుటలో పెద్ద అక్షరాలతో మూలవచనం, దాని పక్కన అరమాయిక్ అనువాదం, చుట్టూ చిన్న అక్షరాలతో వేర్వేరు శతాబ్దాల, వేర్వేరు దేశాల వ్యాఖ్యాతలు ఉంటారు. తాత రాసినదాన్ని మనవడు కాదంటాడు, స్పెయిన్ పండితుడు ఫ్రాన్సు పండితుణ్ణి పేరుపెట్టి ఖండిస్తాడు, ఇద్దరూ ఒకే పుటలో నిలిచి ఉంటారు. ఆ చిన్న అక్షరాలకు "రాషీ లిపి" అని పేరు వచ్చినా 11వ శతాబ్దపు వ్యాఖ్యాత రాషీ ఆ లిపిలో రాయలేదు. అది ముద్రాపకులు మూలాన్నీ వ్యాఖ్యానాన్నీ వేరుచేసి చూపడానికి వాడుకున్న లిపి.

అధ్యాయాల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. మనం వాడే అధ్యాయవిభజన క్రైస్తవ పండితులు 13వ శతాబ్దంలో చేసినది. యూదు ముద్రణలు దాన్ని సౌకర్యం కోసం స్వీకరించినా అన్నిచోట్లా సంఖ్యలు కలవవు. తెలుగు బైబిలులో ఆదికాండము 31:55 అయిన వచనం యూదు ముద్రణలో 32:1 అవుతుంది. వ్యాఖ్యానం వచనానికి అతకనట్టు అనిపిస్తే, వ్యాఖ్యాతను అనుమానించే ముందు సంఖ్యను సరిచూసుకోండి.

రెండో అడుగు: రెండుసార్లు మూలం, ఒకసారి అనువాదం

యూదు ధర్మశాస్త్ర చర్చల మహాసంకలనమైన తల్ముద్‌లో బెరాఖోత్ గ్రంథం తొలి పుటల్లోనే ఒక నియమం ఉంది: ప్రతివాడూ వారపు భాగాన్ని సమాజంతో పాటు ముగించాలి, మూలం రెండుసార్లు, తర్గూమ్ ఒకసారి చదవాలి. తర్గూమ్ అంటే అరమాయిక్ అనువాదం. తోరాకు ప్రామాణికంగా నిలిచినది ఒన్కెలోస్ పేరున ఉన్నది. ఆ నియమంలోనే "అతారోతు, దీబోను కూడా" అన్న పలుకుబడి ఉంది. అవి సంఖ్యాకాండము 32:3లో వరుసగా వచ్చే ఊళ్ల పేర్లు. వట్టి ఊరిపేర్ల జాబితాను సైతం దాటవేయవద్దని దాని భావం. తరువాతి ధర్మశాస్త్ర గ్రంథమైన షుల్హాన్ ఆరూఖ్, తర్గూమ్ బదులు రాషీ వ్యాఖ్యానం చదివినా నియమం తీరినట్టేనని, దైవభీతి గలవాడు రెండూ చదువుతాడని చెప్పింది.

హీబ్రూ రాని తెలుగు పాఠకుడు దీన్ని ఇలా మలచుకోవచ్చు: మొదటిసారి తెలుగులో గొంతెత్తి చదవాలి, రెండోసారి యూదు అనువాదంలో నెమ్మదిగా చదవాలి, మూడోసారి ఒన్కెలోస్‌ను ఇంగ్లీషు అనువాదంలో చూడాలి. గొంతెత్తి చదవమనడానికి కారణం ఉంది. నాలుగో అధ్యాయంలో మొదటి పదహారు వచనాలను చెవితో వింటే "సోదరుడు" అనే మాట ఏడుసార్లు వచ్చిందని తెలుస్తుంది. కంటితో చదివితే అది అలా జారిపోతుంది. హీబ్రూలోని "ఆహ్" అన్న మాట అన్నకూ తమ్ముడికీ ఒకటే. తెలుగుకు వచ్చేసరికి అనువాదకుడు ఎవరు పెద్దో తేల్చక తప్పదు, కనుక "తమ్ముడు" అన్నాడు. మూలంలో వినిపించేది వయసు తేడా కాదు, తోబుట్టువన్న సంబంధమొక్కటే. "నీ ఆహ్ ఎక్కడ?" అని దేవుడు అడిగితే "నా ఆహ్‌కు నేను కాపలాదారునా?" అని కయీను బదులిస్తాడు.

మూడో అడుగు: వారాన్ని పంచుకోవడం

సబ్బాతు ఉదయం సమాజమందిరంలో పరాషాను ఏడు ఖండాలుగా చదువుతారు, ఒక్కో ఖండానికి ఒక్కొక్కరిని పిలుస్తారు. ఆ ఖండాన్ని "అలియా" అంటారు. వారానికి రోజులూ ఏడే కనుక ఆదివారం మొదటిది, సోమవారం రెండోది అన్న పంపకం యూదు ఇళ్లలో చాలాకాలంగా ఉంది. బెరేషీత్‌లో మొదటి అలియా సృష్టిక్రమం అంతటినీ పట్టుకుంటే అయిదోది నాలుగే వచనాలు. కయీను వచనం నాలుగో అలియాలో, అంటే బుధవారం వస్తుంది.

రోజుకు అరగంట చాలు. నేను మొదటి ఏడాది దొరికిన వ్యాఖ్యాతలందరినీ ఒకేసారి చదవబోయి, నిర్గమకాండములో ప్రత్యక్షగుడారం కొలతలు వచ్చేసరికి చతికిలబడ్డాను. మరుసటి ఏడాది నియమం మార్చుకున్నాను: పరాషా అంతా ఒకసారి, వ్యాఖ్యానం మాత్రం వారానికి మూడు నాలుగు వచనాలకే. మొదటి సంవత్సరం రాషీ ఒక్కడు, రెండో సంవత్సరం 13వ శతాబ్దపు వ్యాఖ్యాత రాంబాన్‌ను కలుపుకోవడం, ఆ తరువాత మీ ఇష్టం. ఈ పద్ధతిలో లేవీయకాండము కూడా సాగింది.

నాలుగో అడుగు: వ్యాఖ్యానం మూసి ఉంచి ప్రశ్న రాయడం

ఈ అడుగును దాటవేస్తే మిగిలిన పని అంతా వట్టి సమాచారసేకరణ అవుతుంది. వ్యాఖ్యాత సమాధానం చెబుతాడు గాని ప్రశ్నను చాలాసార్లు చెప్పడు. ప్రశ్న ఏమిటో పాఠకుడికి తెలుసునని అతని ధీమా. మన సంస్కృతాంధ్ర వ్యాఖ్యానాల్లో అవతారిక చూసి అలవాటైనవారికి రాషీ అవతారిక లేని వ్యాఖ్యాతగా కనిపిస్తాడు. ఆ అవతారికను మనమే రాసుకోవాలి. యూదు పాఠశాలల్లో దీనికి ఒక స్థిరమైన ప్రశ్న ఉంది: "రాషీకి కష్టమనిపించింది ఏమిటి?" యెరూషలేములో బోధించిన నెహమా లైబోవిట్జ్ (1905-1997) ఈ ప్రశ్నను ఒక బోధనాపద్ధతిగా పెంచారు. 1942 నుండి సుమారు మూడు దశాబ్దాలపాటు ప్రతివారం పరాషాపై ప్రశ్నపత్రాలు తయారుచేసి పంపి, జవాబులు వస్తే స్వయంగా దిద్ది తిప్పి పంపేవారు. ఆ పత్రాల్లో ప్రశ్నలే ఉండేవి, జవాబులు ఉండేవి కావు.

వచనంలో వెదకవలసిన గోతులు కొన్ని రకాలవి. ఉండవలసిన మాట లేకపోవడం, అక్కరలేని మాట ఉండడం, ఒకే సంగతి రెండుసార్లు రెండు విధాలుగా చెప్పడం, ఏకవచనం రావలసిన చోట బహువచనం, వరుస తప్పిన సంఘటన. మన వచనంలో మూడు దొరుకుతాయి. మొదటిది, కయీను ఏమన్నాడో లేదు. రెండోది, "పొలంలో" అని చోటు ఎందుకు చెప్పవలసి వచ్చింది? హత్య ఎక్కడ జరిగితే కథకు తేడా ఏమిటి? మూడోది తెలుగులో పూర్తిగా మరుగుపడింది. మూలంలో కయీను "లేచాడు" అని ఉంటే తెలుగు బైబిలులో "మీద పడి" అని ఉంది. దిశే తిరగబడింది. లేచినవాడు అంతకుముందు ఎక్కడున్నాడు? ఈ మూడింటినీ నోటుపుస్తకంలో రాసుకున్నాకే ముందుకు వెళ్లండి.

అయిదో అడుగు: రాషీ

రబ్బీ ష్లోమో యిత్జాకీ, పొట్టిపేరు రాషీ (1040-1105), ఉత్తర ఫ్రాన్సులో షాంపేన్ ప్రాంతపు ట్రోయ్ పట్టణవాసి. తేదీ స్పష్టంగా తెలిసిన మొట్టమొదటి హీబ్రూ అచ్చుపుస్తకం ఇతని తోరా వ్యాఖ్యానమే. అది 1475లో ఇటలీలోని రెజ్జో దీ కలాబ్రియాలో అచ్చయింది. రాషీ వ్యాఖ్యలో రెండు భాగాలు ఉంటాయి. మొదట వచనం నుండి ఎత్తుకున్న ఒకటి రెండు మాటలు, ఆ తరువాత వివరణ. ఎత్తుకున్న మాటలేవో గమనించకుండా వివరణకు దూకడం అందరూ చేసే పొరబాటు. ఏ మాటను ఎత్తుకున్నాడో అదే అతని ప్రశ్నకు ఆనవాలు.

ఇదే పరాషాలో 3:8 దగ్గర రాషీ తన పద్ధతిని తానే చెప్పుకున్నాడు. మిద్రాష్ (ప్రాచీన రబ్బీల వ్యాఖ్యాన సాహిత్యం) కథలు చాలా ఉన్నాయని, తాను వచ్చింది వచనపు సూటి అర్థం కోసమని, దానితో పాటు వచనంలోని మాటలను సరిగ్గా కుదిర్చే కథ కోసమేనని ఆ మాటల సారాంశం. సూటి అర్థాన్ని "పెషాత్" అంటారు, తవ్వితీసిన అర్థాన్ని "దెరాష్" అంటారు. "నామూలం లిఖ్యతే కించిత్, నానపేక్షితముచ్యతే" (ఆధారం లేనిది రాయను, అక్కరలేనిది చెప్పను) అన్న మల్లినాథసూరిని, మెదక్ ప్రాంతపు ఆ వ్యాఖ్యాతను, చదివినవారికి ఈ పొదుపు కొత్త కాదు. కాకపోతే మల్లినాథుడు చక్కగా అన్వయం చెప్పి పంపిస్తాడు, రాషీ మనచేత ప్రశ్న అడిగించి గాని వదలడు.

మన వచనం దగ్గర రాషీ చెప్పింది క్లుప్తంగా ఇది: చంపడానికి సాకు వెదుక్కుంటూ కయీను తమ్ముడితో జగడపు మాటల్లోకి దిగాడు, దీనిపై మిద్రాష్ కథలున్నాయి గాని వచనపు సూటి అర్థం ఇదే. గమనించండి, లేని మాటను రాషీ పూరించలేదు. కయీనుకు చెప్పదలచిన విషయమంటూ ఏదీ లేదనీ, మాట కేవలం సాకు అనీ, అందుకే వచనం దాన్ని నమోదు చేయలేదనీ మనం అర్థం చేసుకోవచ్చు. గొయ్యిని పూడ్చకుండా గొయ్యినే అర్థంగా చూపించడం రాషీ నేర్పు.

ఆరో అడుగు: రాషీతో ఏకీభవించనివారు

అబ్రాహాము ఇబ్న్ ఎజ్రా 12వ శతాబ్దపు స్పెయిన్ పండితుడు, వ్యాకరణమే ఆయుధంగా గలవాడు. అతని దృష్టిలో ఈ మాటకు దగ్గరి అర్థం, దేవుడు తనను మందలించిన సంగతినంతా కయీను హేబెలుకు చెప్పాడన్నది. ఆ మందలింపు సరిగ్గా ముందున్న ఆరు, ఏడు వచనాల్లో ఉంది కనుక అన్నమాటను బయటినుండి తేనక్కరలేదు.

రాంబాన్, అంటే గిరోనా నగరానికి చెందిన మోషే బెన్ నహ్మాన్ (1194-1270), మొదట రాషీ మాటను, తరువాత ఇబ్న్ ఎజ్రా మాటను ఎత్తిచెప్పి ఆపైన తన అభిప్రాయం చెబుతాడు. ఇది అతనికి అలవాటు కనుక, ఇద్దరి వాదం ఒకేచోట కావాలంటే రాంబాన్‌ను తెరవడం సులువు. అతని ప్రకారం "అన్నాడు" అన్నది తరువాతి "పొలంలో ఉన్నప్పుడు" అన్నదానితో కలిసిపోతుంది: పొలానికి వెళ్దాం రమ్మన్నాడు, అక్కడ ఎవరూ చూడకుండా చంపాడు. ఆ వెంటనే ఉద్దేశాన్ని కూడా ఊహిస్తాడు. తమ తండ్రి ఆదాముకు ఇంకెవరూ పుట్టరనుకొని లోకం తననుండే విస్తరించాలని కయీను కోరి ఉండవచ్చు, లేదా దేవుడు హేబెలు అర్పణను అంగీకరించినందున లోకానికి మూలం హేబెలే అవుతాడేమోనని భయపడి ఉండవచ్చు.

ఇప్పుడు ముగ్గురినీ పక్కపక్కన పెట్టి, ఎవరి వివరణతో ఏ గొయ్యి తీరింది, ఏది మిగిలింది అని రాసుకోవాలి. రాంబాన్ "పొలంలో" ఎందుకన్న రెండో ప్రశ్నకూ జవాబిచ్చాడు, రాషీ ఇవ్వలేదు. ఇబ్న్ ఎజ్రా సందర్భానికి దగ్గరగా ఉన్నాడు గాని, మందలింపును చెప్పుకున్నవాడు హత్యకు ఎలా వెళ్లాడన్నది మనకే వదిలేశాడు. కోర్టు భాషలో చెప్పాలంటే రాషీ, రాంబాన్‌ల దృష్టిలో ఇది ముందే అనుకున్న హత్య. ఇబ్న్ ఎజ్రా మాట పట్టుకుంటే చెప్పుకుంటూ చెప్పుకుంటూ ఆవేశం పెరిగి జరిగిన హత్య అనుకోవడానికి వీలుంది. నా మొగ్గు రాంబాన్ వైపే, ఒక్క వివరణతో రెండు ప్రశ్నలు తీరాయి కనుక. అయితే "పొలానికి వెళ్దాం" అన్న మాటే ప్రాచీన గ్రీకు అనువాదంలోనూ సమరయుల తోరాలోనూ వచనంలోనే ఉంది. అది అసలు పాఠమా, తరువాత ఎవరో గొయ్యి పూడ్చినదా అన్నది పాఠపరిశోధకుల చర్చ. సంప్రదాయ వ్యాఖ్యాత మాత్రం తన ముందున్న హీబ్రూ పాఠాన్ని మార్చకుండానే అర్థం వెదుకుతాడు.

ఇక్కడ రెండు హెచ్చరికలు. రాంబాన్ వేరు, రాంబమ్ వేరు. రెండోవాడు మైమోనిదెస్ అని పేరుపొందిన తత్త్వవేత్త, ధర్మశాస్త్రకర్త. అతను వరుసగా తోరా వ్యాఖ్యానం రాయలేదు. ఒక్క అక్షరం తేడాతో తప్పు పుస్తకం కొన్నవారిని చూశాను. రెండోది, రాంబాన్ అక్కడక్కడ "సత్యమార్గాన" అని మొదలుపెట్టి చెప్పేవి కబ్బాలా అనే యూదు మార్మిక సంప్రదాయపు రహస్యార్థాలు. మొదటి రెండేళ్లు వాటిని నిస్సంకోచంగా దాటవేయవచ్చు.

రాషీ మనవడు రష్‌బామ్ సూటి అర్థం విషయంలో తాతకంటే కఠినుడు. ఆదికాండము 37:2 దగ్గర, తనకు తీరిక ఉంటే రోజురోజుకూ కొత్తగా తోచే సూటి అర్థాలతో వేరే వ్యాఖ్యానాలు రాసేవాడినని తాతే తనతో ఒప్పుకున్నాడని రాశాడు. 16వ శతాబ్దపు ఇటలీ వైద్యుడు స్ఫోర్నో క్లుప్తంగా ఉంటాడు, నీతిదృష్టి ఎక్కువ. అబర్బనెల్ ముందు ప్రశ్నల జాబితా ఇచ్చి తరువాత జవాబులకు వెళతాడు. నాలుగో అడుగులో మీరు రాసుకున్న ప్రశ్నలను సరిచూసుకోవడానికి అతను పనికివస్తాడు, కాని అతని నిడివికి ఓపిక కావాలి.

ఏడో అడుగు: మిద్రాష్‌ను కథగా కాక వాదంగా చదవడం

రాషీ పక్కన పెట్టిన కథలు బెరేషీత్ రబ్బా అనే ప్రాచీన మిద్రాష్ సంకలనంలో ఉన్నాయి. అన్నదమ్ములు దేని గురించి తగువులాడారన్నదానికి అక్కడ మూడు జవాబులు. మొదటి దాని ప్రకారం ఇద్దరూ లోకాన్ని పంచుకున్నారు. ఒకడికి భూమి అంతా వచ్చింది, ఇంకొకడికి చరాస్తి అంతా వచ్చింది. "నువ్వు నిలబడ్డ నేల నాది" అన్నాడొకడు. "నువ్వు కట్టుకున్న బట్ట నాది" అన్నాడు రెండోవాడు. "విప్పెయ్" అని ఇతను, "గాల్లోకి ఎగిరిపో" అని అతను. గట్టు తగాదాలు చూసి పెరిగిన మనకు దీనికి టీక అక్కరలేదు. రెండో జవాబు: భూమి, చరాస్తి ఇద్దరూ సమంగానే పంచుకున్నారు, తగువంతా దేవాలయం ఎవరి వాటాలో కట్టాలన్నదాని మీద. మూడోది ఒక స్త్రీ గురించి.

వీటిని "పూర్వం ఇలా జరిగిందట" అని చదివి నవ్వుకొని వదిలేస్తే పని సగంలో ఆగిపోతుంది. ప్రతి మిద్రాష్‌కూ వచనంలో ఒక కొక్కెం ఉంటుంది, దాన్ని పట్టుకోవాలి. దేవాలయం అన్న జవాబుకు కొక్కెం "పొలం" అనే మాట. మీకా 3:12లో సీయోను పొలంలా దున్నబడుతుందని ఉంది కనుక పొలం అంటే దేవాలయస్థలమని ముడిపెట్టారు. మూడో ప్రశ్న అయిన "లేచాడు"కు కూడా ఇక్కడే జవాబుంది. రబ్బీ యోహానాన్ ప్రకారం హేబెలే బలవంతుడు, పెనుగులాటలో కయీను అతని కింద పడ్డాడు. "లోకంలో ఉన్నది మనమిద్దరమే, నన్ను చంపి నాన్నకు ఏం చెబుతావు?" అన్నాడు కయీను. హేబెలు జాలిపడి వదిలాడు, కయీను లేచాడు. ఒక్క క్రియాపదం నుండి ఇంత దృశ్యం వచ్చింది. "మీద పడి" అన్న అనువాదం దగ్గరే ఆగిపోతే ఈ దృశ్యానికి ఆధారమేమిటో ఎప్పటికీ అంతుచిక్కదు.

సాధనకు రెండు వచనాలు దాటి 4:10 తీసుకోండి. "నీ తమ్ముని రక్తము" అని మనం చదివేచోట హీబ్రూలో బహువచనం ఉంది. నీళ్లు, పాలు మనకు బహువచనాలే గాని నెత్తురు కాదు, కనుక తెలుగులో ఈ తేడాను చూపడం కష్టం. ఒన్కెలోస్ దాన్ని అతనినుండి పుట్టవలసిన సంతానపు రక్తమని విప్పిచెప్పాడు. రాషీ ఆ అర్థాన్ని చెప్పి మరొకటి చేర్చాడు: ప్రాణం ఎక్కడినుండి పోతుందో కయీనుకు తెలియదు, అంతవరకు ఎవరూ చావలేదు కదా, అందుకే చాలా గాయాలు చేశాడు. తల్ముద్‌కు మూలమైన ధర్మసంకలనం మిష్నాలో సన్హెద్రిన్ గ్రంథం నాలుగో అధ్యాయం ఇదే బహువచనాన్ని న్యాయస్థానంలోకి తీసుకువెళ్లింది. మరణశిక్ష పడగల కేసులో సాక్షులను హెచ్చరించేటప్పుడు, తప్పుడు సాక్ష్యం ఇస్తే ఆ మనిషి రక్తమే కాక అతనికి పుట్టబోయేవారందరి రక్తమూ మీ మీద ఉంటుందని ఈ వచనం చూపి చెప్పేవారు. ఒక ప్రాణాన్ని నాశనం చేసినవాడు ఒక లోకాన్నే నాశనం చేసినట్టన్న ప్రసిద్ధ వాక్యం అక్కడిదే. చిందిన రక్తానికి బహువచనం హీబ్రూలో ఇతరచోట్లా కనిపిస్తుంది కనుక, సూటి అర్థం కోరేవాడు ఇది భాషా మర్యాద మాత్రమేనని అనవచ్చు. ఏది పెషాత్, ఏది దెరాష్ అన్నది మీరే నిర్ణయించి కారణంతో సహా రాసుకోండి.

ఎనిమిదో అడుగు: ఎదురుగా ఒక మనిషి

యూదు పాఠశాలల్లో ఒంటరిగా చదవడం అరుదు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చొని, ఒకరు చదివి అర్థం చెబితే రెండోవారు దాన్ని కాదనే పనిలో ఉంటారు. ఆ జతను "హవ్రూతా" అంటారు. వారానికి ఒక్క గంట ఫోనులోనైనా ఇలా చదివితే నాలుగో అడుగు చాలా సులువవుతుంది, ఎందుకంటే మన కంటికి పూడిపోయిన గొయ్యి రెండోవారికి తగులుతుంది. నాతో చదివే మిత్రుడు, "హేబెలు ఈ కథంతటిలో ఒక్క మాటైనా మాట్లాడాడా?" అని ఒకసారి అడిగాడు. వెదికితే, వచనంలో హేబెలు మాట ఒక్కటీ లేదు. నేను అప్పటికి అయిదారు వ్యాఖ్యానాలు చదివి ఉన్నాను గాని ఈ సంగతి గమనించలేదు.

శుక్రవారం సాయంత్రానికి ఒక పుట రాయండి: ఒక ప్రశ్న, కనీసం ఇద్దరు వ్యాఖ్యాతలు, వారి తేడా ఎక్కడుందో ఒక వాక్యం, మీ మొగ్గు ఎటో ఒక వాక్యం. సబ్బాతు భోజనం దగ్గర యూదు కుటుంబాల్లో చెప్పుకొనేది ఇంచుమించు ఇదే. తీరిక ఉంటే ఆ వారపు "హఫ్తారా", అంటే ప్రవక్తల గ్రంథాలనుండి జతచేసిన భాగాన్ని కూడా చూడండి. బెరేషీత్‌కు అది యెషయా 42:5తో మొదలవుతుంది. ఆకాశాలను సృజించినవాడన్న మాటతో ఆ రెండింటికీ ముడి ఎక్కడుందో మొదటి వచనంలోనే దొరుకుతుంది.

సబ్బాతు మధ్యాహ్న ప్రార్థనలో అప్పుడే తరువాతి పరాషా మొదటి భాగం చదువుతారు, మళ్లీ సోమవారం, గురువారం ఉదయాల్లో చదువుతారు. కాబట్టి బెరేషీత్ చదివిన పూటే, ఆదికాండము 6:9 తెరవవలసి ఉంటుంది. నోవహు నీతిమంతుడు, నిందారహితుడు అని చెప్పిన వచనం "తన తరములో" అని ఒక మాట అదనంగా చేర్చింది. రాషీని ఇంకా తెరవకండి. ఆ మాట లేకపోయినా వాక్యం పూర్తయ్యేదే కదా, మరి అది నోవహును పెంచుతోందా, తగ్గిస్తోందా అన్న ప్రశ్నను ఆదివారానికి నోటుపుస్తకంలో పైవరుసలో రాసిపెట్టుకోండి.